నేల పరీక్ష సమీకరణంలో వాలును గుర్తించే విధానం

నేల పరీక్ష ఫలితాలనుబట్టి, ఆశించిన దిగుబడికి కావలసిన ఎరువుల మోతాదును నిర్ణయించేందుకు మన దేశంలో లక్ష్య దిగుబడి సమీకరణాలు వాడుకలో ఉన్నాయి. ఈ విధానాన్ని రామమూర్తి, ఆయన సహచరులు 1967లో రూపొందించారు. సమీకరణం సరైనదే అయినా, అది సూచించే సరళరేఖ వాలును తప్పుగా గ్రహిస్తే రైతుకు అందే సిఫారసు తప్పుతుంది.

లెక్క సులభంగా ఉండేందుకు వరికి ఒక ఊహాత్మక సమీకరణాన్ని తీసుకొందాం: 2ఎ + నే = 8ది. ఇందులో 'ఎ' ఎరువు ద్వారా ఇవ్వవలసిన నత్రజని, 'నే' నేలలోని లభ్య నత్రజని. రెండూ హెక్టారుకు కిలోలలో ఉంటాయి. 'ది' హెక్టారుకు క్వింటాళ్ళలో లక్ష్య దిగుబడి. లక్ష్యం 60 క్వింటాళ్ళయితే సమీకరణం 2ఎ + నే = 480 అవుతుంది.

క్షితిజ అక్షంపై 'నే', నిలువు అక్షంపై 'ఎ' విలువలను గుర్తిస్తే ఇది ఒక సరళరేఖ. 'నే' గుణకం 1 కనుక వాలు 1 అనుకోవడం పొరపాటు. ముందుగా నిలువు అక్షపు చలరాశిని ఒంటరిగా ఒక వైపున ఉంచాలి. 'నే' పదాన్ని కుడివైపుకు మార్చి, ఇరువైపులా 2తో భాగిస్తే ఎ = −0.5నే + 240 వస్తుంది. ఇప్పుడు 'నే' గుణకమైన −0.5 ఈ రేఖ వాలు; 240 నిలువు అంతరఖండం. చలరాశులు రెండూ ఒకే వైపున ఉన్నప్పుడు క్షితిజ చలరాశి గుణకాన్ని నిలువు చలరాశి గుణకంతో భాగించి, గుర్తు మార్చినా ఇదే విలువ లభిస్తుంది.

నేలలో లభ్య నత్రజని కిలో పెరిగితే ఎరువు నత్రజనిని అర కిలో తగ్గించవచ్చునని ఈ వాలు తెలుపుతుంది. ఎరువులోని నత్రజనిని పైరు 40 శాతం, నేలలోని నత్రజనిని 20 శాతం వినియోగించుకొంటే, వాటి నిష్పత్తి 0.5 అవుతుంది. కనుక వాలు కేవలం ఒక అంకె కాదు. నేల, ఎరువుల వినియోగ సామర్థ్యాల పోలిక.

లభ్య నత్రజని 200 కిలోలుంటే మోతాదు 140 కిలోలు. 280 కిలోలుంటే 100 కిలోలు. వాలును −1గా తీసుకొని, 80 కిలోల పెరుగుదలకు మోతాదును కూడా 80 కిలోలు తగ్గిస్తే 60 కిలోలే మిగులుతుంది. పైరుకు 40 కిలోల నత్రజని, అంటే 46 శాతం నత్రజని గల యూరియా సుమారు 87 కిలోలు, తక్కువ పడుతుంది. ఇది దాదాపు రెండు 45 కిలోల బస్తాలకు సమానం.

అక్షాలను తారుమారు చేస్తే వాలు −2 అవుతుందని గమనించాలి. హెక్టారు లెక్కను ఎకరాకు మార్చినప్పుడు రెండు చలరాశులూ ఒకే నిష్పత్తిలో మారుతాయి కనుక వాలు మారదు. అంతరఖండం మాత్రం 240 నుండి సుమారు 97కు తగ్గుతుంది. ఏ నేలల్లో, ఏ పరీక్ష విలువల పరిధిలో సమీకరణాన్ని రూపొందించారో అంతవరకే దానిని అన్వయించాలి. విస్తరణ కరపత్రాలలో సమీకరణాన్ని 'ఎ' విలువ నేరుగా వచ్చే రూపంలో, ప్రమాణాలతో సహా ముద్రిస్తే క్షేత్రస్థాయిలో ఇటువంటి పొరపాట్లను నివారించవచ్చు.