అండమాన్‌లో ఐదింటికే చీకటి

విహారయాత్ర ఎక్కడికని అడిగితే మా చెన్నై బడి పిల్లలు ఒక్క గొంతుతో చెప్పే పేరు అండమాన్. విమానంలో రెండు గంటల పైచిలుకు, ఓడలో దాదాపు మూడు రోజులు. అక్షాంశం ఇంచుమించు చెన్నైదే కాబట్టి ఎండా ఉక్కా మనకు కొత్త కాదు. కొత్తదల్లా పొద్దు. గడియారం మనదే అయినా, ఆ దీవులు మనకు పన్నెండు డిగ్రీలు తూర్పున ఉన్నాయి. డిసెంబరులో చెన్నైలో పావుతక్కువ ఆరుకు పొద్దుగూకితే అక్కడ ఐదింటికే గూకుతుంది.

మొదటిసారి ఇది పట్టించుకోలేదు. మెరీనా లెక్కన సాయంత్రం నాలుగున్నరకు పిల్లల్ని బీచ్‌కు తీసుకెళ్లాం. కాసేపటికే చీకటి. నలభై తలలు లెక్కపెట్టడానికి సెల్‌ఫోన్ లైట్లు వేయాల్సొచ్చింది. సంజె వేళ ఇసుక ఈగలు బాగా కుడతాయి, కంటికి సరిగ్గా ఆనవు కూడా. మర్నాడు కాళ్లనిండా దద్దుర్లు! గోకితే పుండ్లవుతాయి, ఆ ఉక్కలో తొందరగా మానవు. అంతకన్నా భయం ఉప్పునీటి మొసళ్లది. మడ అడవుల దగ్గర, వాగులు సముద్రంలో కలిసేచోట అవి తిరుగుతాయి. హెచ్చరిక బోర్డున్న చోట మోకాలి లోతైనా దిగనివ్వొద్దు.

రెండోసారి టైంటేబుల్ తిరగేశాం. ఉదయం ఏడింటికల్లా బీచ్, పదింటికి నీడ, మధ్యాహ్నం సెల్యులార్ జైలు, నాలుగింటికల్లా ఒడ్డు ఖాళీ. పగడాలు కోసుకోకుండా కాళ్లకు రబ్బరు బూట్లు. అల లోపలికి లాగితే ఒడ్డుకేసి ఎదురీదకుండా, ఒడ్డు వెంబడే పక్కకు ఈది బయటపడాలని ముందే చెప్పాం.

అసలు పాఠం మాత్రం బోటులో నేర్చుకున్నాం. సమ్మతి పత్రం తెలుగులోనే ఇవ్వాలని మా పట్టు. ఓ తల్లి అందులో ‘చలికి కాస్త ఆయాసం’ అని రాసింది. స్వరాజ్ ద్వీప్ దారిలో ఆ అబ్బాయికి ఊపిరి అందలేదు. ఇన్‌హేలర్ పెద్ద సంచిలో, సంచి సామాన్ల గుట్ట అడుగున. బోటు సిబ్బంది మందు పేరు అడిగారు. మా చేతిలో ఉన్నది తెలుగు కాగితం, అందులోనూ పేరు లేదు. సంచి దొరికింది కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు ప్రతి పిల్లాడి మెడలో కార్డు ఉంటుంది. ఒకవైపు తెలుగు. రెండోవైపు ఇంగ్లిషు అక్షరాల్లో మందు పేరు, మోతాదు, పడని వస్తువులు, ఇంటి ఫోను. శ్రీవిజయపురంలో, అదే మన పాత పోర్ట్ బ్లెయిర్‌లో, తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు, పిలిస్తే ఎవరో ఒకరు పలుకుతారు. నడిసముద్రంలో ఎవరున్నారు? రోజూ వాడే మందు పిల్లల చేతిసంచిలోనే ఉండాలి, దాని జత టీచరు దగ్గర.

జబ్బు రాస్తే యాత్రకు తీసుకెళ్లరేమోనని తల్లులు సగమే రాస్తారు. వాళ్లను తప్పుపట్టలేం, కొన్ని బడులు నిజంగానే మానిపిస్తున్నాయి. రాసినందుకు ఏ పిల్లాడినీ ఆపమని తల్లిదండ్రుల మీటింగులో గట్టిగా చెప్పండి. ఆపైన కాగితాలు ఇవ్వండి.

తిరిగొచ్చాక నెలలోపు జ్వరం వస్తే మామూలు జ్వరమేలే అనుకోవద్దు. డాక్టరుకు అండమాన్ వెళ్లొచ్చిన సంగతి ముందే చెప్పి, మలేరియా, డెంగ్యూ పరీక్షల మాట అడగండి.