పుంతదారిలో పాత జీపు

నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద గోదావరి దాటుతున్నప్పుడు మా పెదనాన్న జీపు దిగి, ముందు చక్రాల దగ్గర గొంతుక్కూచుని, హబ్బు మీది మీటను చేత్తో తిప్పేవాడు. ఇటు ఒకసారి, అటు ఒకసారి. చిన్నప్పుడు నాకది బండికి ఏదో పూజ చేస్తున్నట్టే కనిపించేది. అవతల ఒడ్డున తడి ఇసుక, పైగా ఏటవాలు. పంటు ఆగాక దిగి తిప్పితే వెనకున్నవాళ్లు తిడతారు. అంతకుమించి అందులో మంత్రమేమీ లేదని తర్వాత తెలిసింది.

ఫోర్‌వీల్ వెయ్యకపోయినా జీపు ముందు చక్రాలు తమతోపాటు లోపలి యాక్సిళ్లనీ, క్రౌన్‌నీ, ముందు షాఫ్టునీ ఊరికే తిప్పుతూ ఉంటాయి. ఆయిలు ఖర్చు, అరుగుదల అదనం. ఈ చాకిరీ తప్పించడానికి 1948లో అమెరికాలో ఆర్థర్ వార్న్ చక్రాన్నీ యాక్సిల్‌నీ కావాలంటే కలిపే, వద్దంటే విడదీసే హబ్బు చేశాడు. తారురోడ్డు మీద విడదియ్యాలి, బురదలోకి దిగేముందు కలపాలి. హబ్బు లాక్ చెయ్యడం మరిచిపోయి, “ముందు చక్రాలు లాగట్లేదండీ” అంటూ మెకానిక్ షెడ్డుకి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. గట్టి రోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి తోలడం. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి. ఈ పాత బళ్లలో ఫోర్‌వీల్ పడితే ముందూ వెనకా షాఫ్టులు ఒకే వేగానికి బిగిసిపోతాయి. ఆ తేడా అంతా గేరు పళ్ల మీద మెలిగా పేరుకుంటుంది. బురదలో చక్రం కాస్త జారి మెలి విప్పుకుంటుంది. తారు మీద జారదు, లోపల ఏదో ఒకటి విరుగుతుంది.

ఈ జీపు పుట్టుక రెండో ప్రపంచయుద్ధానిది. 1940 జులైలో అమెరికా సైన్యం చిన్న ఫోర్‌వీల్ బండి నమూనా కావాలని, అదీ 49 రోజుల్లో కావాలని అడిగింది. బాంటం అనే బుల్లి కంపెనీ, కార్ల్ ప్రాబ్‌స్ట్ గీసిన నక్షాతో, సెప్టెంబరు 23న బండిని తెచ్చి నిలబెట్టింది. అంత చిన్న కంపెనీ వేల బళ్లు చెయ్యలేదని సైన్యం ఆ నక్షాని విల్లీస్‌కీ, ఫోర్డ్‌కీ అందించింది. 60 హార్స్‌పవర్ ఇంజనుతో విల్లీస్ గెలిచింది. యుద్ధం అయ్యేలోపు ఆ రెండు కంపెనీలూ కలిసి 6 లక్షలకు పైగా చేశాయి. కష్టం బాంటంది, పేరు విల్లీస్‌ది. నాకిది అన్యాయంగానే తోస్తుంది.

1945లో ఉక్కు వ్యాపారంగా మొదలైన మహీంద్రా, స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో విల్లీస్ విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. మనవాళ్లకు బాగా తెలిసిన ఎత్తు బోనెట్టు జీపు సీజే-3బి, 1953 నాటిది. వాల్వు తల మీదికి వచ్చిన కొత్త ఇంజను పాత బోనెట్టు కింద పట్టక, బోనెట్టునే లేపారు. అమెరికాలో అది 1968లో ఆగిపోయింది. ఇక్కడ దాని సంతానం ఆ తర్వాత దశాబ్దాలపాటు వస్తూనే ఉంది. ఆ వరసలోనే ట్రాక్టరు వంశపు డీజిలు ఇంజను వచ్చింది, ఆ పైన ఎంఎం 540లో ప్యూజో డీజిలు.

జీపు బలమంతా ఇంజనులో ఉందనుకుంటారు గానీ, ఉన్నది పళ్లలో. సీజే-3బిలో మొదటి గేరు నిష్పత్తి సుమారు 2.8, లో గేరు 2.46, క్రౌన్ 5.38. మూడూ హెచ్చవేస్తే 37. అంటే ఇంజను 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. వేగం పోయింది, లాగుడు వచ్చింది. మారేడుమిల్లి దాటి గుడిస కొండ ఎక్కేటప్పుడు తొందరపడి యాక్సిలరేటర్ తొక్కేవాళ్ల చక్రాలు గాల్లో రాళ్లు చిమ్ముతాయి. లో గేరులో వదిలేసినవాడి బండి ముసలి ఎద్దులా ఎక్కిపోతుంది.

పాత జీపులున్నవాళ్లు రంపచోడవరం దారిలో టీ కొట్టు దగ్గర కలిస్తే మాట కొండల మీదికి వెళ్లదు, నీళ్ల మీదికి వెళుతుంది. డెల్టా బండికి కొండ కన్నా కాలవ ప్రమాదం. ఎలాగంటే, చాలాదూరం నడిచిన బండి యాక్సిల్ డూము, అంటే క్రౌన్ ఉండే ఉబ్బెత్తు భాగం, వేడిగా ఉంటుంది. లోపలి గాలీ వేడెక్కి వ్యాకోచించి ఉంటుంది. ఆ వేడి మీద వాగులోకి దింపితే గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది. ఆ ఖాళీ నింపుకోడానికి డూము బయటినుంచి పీలుస్తుంది, సీళ్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి పోతాయి. గేర్ ఆయిలు పాలు కలిసిన టీ రంగుకి తిరుగుతుంది. అలాంటి ఆయిలు పళ్ల మధ్య పొరలా నిలవదు, బేరింగులు తుప్పు పడతాయి. ఖర్చులేని వైద్యం, వాగు ముందు కాసేపు ఆగి చల్లారనివ్వడం. చిన్న ఖర్చుతో అయ్యేది, డూము మీది బ్రీదరుకి రబ్బరు గొట్టం తగిలించి బోనెట్టు లోపల ఎత్తుగా కట్టడం. అప్పుడు డూము పీల్చినా గాలే పీలుస్తుంది.

ముందు చక్రాల దగ్గర స్టీరింగు తిరిగే గుండ్రటి బంతులకి ఫెల్టు సీలుంటుంది. పుంతల్లోని నల్లరేగడి దానికి పట్టి ఎండితే ఉప్పుకాగితంలా బంతిని గీకేస్తుంది. అందుకే బురదలో తిరిగొచ్చిన రోజే నీళ్లు కొట్టి కడగాలి. కడిగాక గ్రీజు కొట్టాలి, పాతది బయటికి తన్నుకొచ్చి కొత్తది కనిపించేదాకా. కోనసీమ తీరంలో తిరిగే బళ్లకి ఇంకో బెడద ఉప్పుగాలి. చాసీ పెట్టె ఆకారంలో ఉండే చోట తుప్పు లోపలినుంచి తింటుంది, పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. సుత్తితో తట్టి చూడాలి. ఖంగుమంటే సరే, మొద్దుగా మోగితే టింకరింగ్ పని పడినట్టే.

తగిలించే సామాను సంగతికొస్తే నేను పాతకాలపువాణ్ని. లావు టైర్లు చూడ్డానికి బాగుంటాయి గానీ, వాటి బరువంతా ఆ పాత యాక్సిళ్లూ స్టీరింగూ మొయ్యాలి. ఇసుకలో, ఉన్న టైరుకే గాలి కొంచెం తగ్గిస్తే నేలకి ఆనే భాగం పెరుగుతుంది, సగం కష్టం తీరుతుంది. రోడ్డెక్కగానే మళ్లీ నింపుకోవాలి, లేకపోతే టైరు పక్కలు వేడెక్కి చీలతాయి. ఇక వించి, ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం. మన వైపు వించి అంటే పక్క చేలో ట్రాక్టరే. మంచి తాడు, ముందూ వెనకా గట్టి హుక్కులు ఉంటే చాలు.

చట్టం కూడా నా పక్షమే. బండిని తయారీ లెక్కకి భిన్నంగా మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. పాత బండి ఉంచుకోడానికీ ఖర్చు పెరిగింది. 15 ఏళ్లు దాటిన తేలికపాటి సొంత బండి రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. పైగా పెట్రోలు ఇంజను తీసేసి డీజిలు పెట్టిన పాత జీపులు బోలెడు తిరుగుతున్నాయి. కొనబోయే జీపు ఆర్‌సీ పుస్తకంలో ఇంజను నంబరు ఒకటి, బోనెట్టు కింద ఇంకోటి ఉంటే ఆ బేరం వదిలెయ్యండి.

నంబరు కలిసిందా, బండి కిందికి దూరి డూము నట్టు విప్పి వేలు పెట్టి చూడండి. టీ రంగు కనబడితే ధర తగ్గించమని అడగండి.