రెండో లైన్‌లోనే ఆపేసింది!

పోయినేడాది ఓ ఆర్టికల్ రాశా. ఇంట్లో కూర్చుని సంపాదించొచ్చంటూ ఫోన్‌కి వచ్చే ఫేక్ జాబ్ మెసేజ్‌ల గురించి. సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, విషయం బాగానే తెలుసు. 'నేటి సాంకేతిక యుగంలో యువత అప్రమత్తంగా ఉండాల్సిన ఆవశ్యకత ఎంతైనా ఉంది' అని మొదలుపెట్టి, ఇంటర్ చదివే మా చెల్లికి పంపా. 'సూపర్ అన్నయ్యా' అని రిప్లై ఇచ్చింది.

రెండు నెలలకి అదే మోసంలో పడింది. డేటా ఎంట్రీ పనికి రిజిస్ట్రేషన్ ఫీజంటే రెండు వేలు కట్టేసింది. పండక్కి మామయ్య ఇచ్చిన డబ్బులవి. 'నేను పంపింది చదవలేదా?' అని గట్టిగానే అడిగా. 'రెండో లైన్‌లో ఆపేశా. మా ప్రిన్సిపాల్ స్పీచ్‌లా ఉంది' అంది ఏడుస్తూనే.

నా కోపం అక్కడే దిగిపోయింది. బగ్ నా రాతలోనే ఉంది మరి! తనని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ రాశా. టీనేజర్ల కోసం రాయాలనుకునేవాళ్లకి ఆ రోజు నేర్చుకున్నవి పనికొస్తాయి.

మొదటి లైన్‌లో మనిషి ఉండాలి: 'యుగం', 'ఆవశ్యకత' కొట్టేశాం. 'కాలేజీ నుంచి రాగానే వాట్సాప్‌లో మెసేజ్: రోజుకి గంట పని, నెలకి పదిహేను వేలు' అని మొదలెట్టాం.

అసలు ముక్క ముందే చెప్పాలి: ఉద్యోగం ఇచ్చేవాళ్లు మనకి డబ్బులివ్వాలి, మన దగ్గర అడిగితే అనుమానించాల్సిందే. పాత ఆర్టికల్‌లో ఇది ఐదో పేరాలో ఉంది. అక్కడిదాకా ఎవరొస్తారు?

మాట తేలిగ్గా ఉండాలి: 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా 'చందమామ'ని నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు పెద్దల కోసం ఎన్నో కథలు, నవలలు రాసిన రచయితే. ఆ పత్రికలో మాత్రం కథలు పిల్లలు సొంతంగా చదువుకోగల తేలిక మాటల్లో సాగేవి. తేలిగ్గా రాయడమంటే తక్కువగా రాయడం కాదు.

తిట్టకూడదు: 'అత్యాశ' అన్న మాట దగ్గర చెల్లి మొహం మాడిపోయింది. అమ్మని అడగలేక ఇయర్‌ఫోన్స్ తనే కొనుక్కుందామనుకుంది. అది అత్యాశా? తీసేశా. ఇప్పటికే మోసపోయినవాళ్లూ చదువుతారు. తిడితే ఇంట్లో చెప్పుకోరు. అందుకే చివర్లో చేయాల్సిన పని పెట్టాం: వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి.

చెల్లి ఆ రెండు వేలు తిరిగి రాలేదు. కొత్త ఆర్టికల్‌ని మాత్రం తన క్లాస్ గ్రూప్‌లో పెట్టింది. రాత్రి పదింటికి ఒకమ్మాయి తనకి విడిగా మెసేజ్ చేసింది: 'నేనూ కట్టానే. ఇంట్లో ఎలా చెప్పాలి?'

అంటే, ఆ అమ్మాయి చివరి లైన్ దాకా చదివింది.