ఖుర్షీద్ జా దేవిడీ

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలలో పెరిగినవారికి గడీ అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. ఎత్తైన ప్రాకారం, పెద్ద దర్వాజా, లోపల విశాలమైన ముంగిలి. నగరంలో అమీరుల నివాసానికి అటువంటి ఏర్పాటే ఉండేది. దానిని దేవిడీ అన్నారు. ఈ ఉర్దూ మాటకు మూలార్థం వాకిలి. వాకిలి దాటి మగవారి దీవాన్‌ఖానా, దాని వెనుక పరదా చాటున జనానా ఉండేవి. చార్మినార్‌కు సమీపాన హుసైనీ ఆలంలో ఉన్న ఖుర్షీద్ జా దేవిడీ ఇట్టి వాటిలో పేరుపొందినది. దానినే బారాదరి అని కూడా అంటారు.

ఖుర్షీద్ జా పాయెగా వంశీయుడు. నైజాము సొంత అశ్వదళ పోషణకై భూములు పొందిన కుటుంబమది. రెండవ నైజాము నిజాం అలీ ఖాన్ కాలంలో అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్‌తో దాని ప్రాభవం మొదలైంది. బాబా ఫరీదుద్దీన్ గంజెషకర్ ద్వారా తమ వంశం హజ్రత్ ఉమర్ (రజి)ను చేరుతుందని వారు చెప్పుకొనేవారు. అసఫ్ జాహీలతో వియ్యమందిన కుటుంబమది.

ఖుర్షీద్ జా పూర్వులు కట్టించిన ఈ భవనాన్ని చూచి కొందరు "బరోక్" అంటారు. ఆ మాట ఇక్కడ అంతగా అతకదు. బరోక్ 17వ శతాబ్దపు ఇటలీలో వృద్ధి చెందిన శైలి. గోడలే కదులుతున్నట్లు వంపులు, అలంకారాల దట్టం దాని లక్షణం. ఈ దేవిడీ ముఖభాగంలో కనిపించేది పొడవైన స్తంభాల వరుస, కొలత తప్పని సమత్వం. ఇది అంద్రియా పల్లాడియో (1508–1580) పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి. 1803లో మొదలైన కోఠీ రెసిడెన్సీ ఈ తరహా స్తంభాలను నగరానికి చూపింది.

అయితే పాయెగాలు పాశ్చాత్యుల నుండి స్తంభాలు మాత్రమే తీసుకొన్నారనుకోవడం పొరపాటు. ఈ వంశంలోని షంసుల్ ఉమరా ఫక్రుద్దీన్ ఖాన్ (మరణం 1863) ఆంగ్ల విజ్ఞాన గ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేసి, సొంత ముద్రణాలయంలో అచ్చు వేయించాడు. "సిత్తయె షంసియా" ఆ కృషి ఫలమే. సిత్త అంటే అరబీలో ఆరు: యంత్రశాస్త్రం, ఖగోళం, నీరు, గాలి, కాంతి, విద్యుత్తు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో వెలసింది. అంతకు ఎన్నో దశాబ్దాల ముందే ఒక అమీరు ఇంట ఈ పని సాగింది! భవనాలను పొగిడేవారు ఈ పుస్తకాలను తలచకపోవడం విచారకరం.

1949లో జాగీర్లు రద్దయినవి. ఆదాయం ఆగింది, కప్పులు కారసాగినవి. చాలా దేవిడీలు వాటాలై అమ్ముడుపోయినవి. తప్పు ఫరాయిజ్‌ది కాదు; ఉమ్మడిగా నిలువవలసిన దానిని సకాలంలో వక్ఫ్ చేసే ఆలోచన చేయకపోవడమే లోపం. మాల్వాలా పాలెస్‌లో అధికభాగం 2000లో నేలమట్టమైనది. ఖుర్షీద్ జా దేవిడీ ప్రభుత్వపరమై నిలిచింది గాని, ఫౌంటెన్ల తోట క్రికెట్ మైదానమైపోయింది. లోపలి తివాచీలు, షాండ్లియర్లు లేవు.

ఇటీవల మరమ్మతులు ఆరంభమైనవి. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి గార పెళ్లలుగా రాలుతుంది. కనుక మళ్లీ సున్నమే వాడాలి, దానిని నానబెట్టి నూరడం తెలిసిన మేస్త్రీలనే పిలవాలి.