పులి బలం, మేక బలం

ఫోనులో కార్డుల యుద్ధం ఆడే బెజవాడ కుర్రవాళ్ళకు ఒక కిటుకు తెలుసు: ఏ కార్డు శక్తినైనా అదను చూసి వాడాలి. కృష్ణా డెల్టా పల్లెల్లో తాతలు అరుగులమీద గీసి ఆడిన పులి-మేకలోనూ కిటుకు అదే.

గీతలు కలిసే చోట్లు 23. పులులు 3, మేకలు 15. పులి, పక్కనున్న మేకమీదుగా అవతలి ఖాళీలోకి దూకి దానిని తినేస్తుంది. మేక దూకలేదు. అయితేనేం? దాని వెనుక ఇంకొక మేక నిలిచిందంటే, పులికి దిగే చోటే ఉండదు!

మేకలన్నీ పలకమీదికి వచ్చేదాకా వాటిని కదపరాదు. పులికి అదే అదను. ఒక్కటీ చావకుండా 15 మేకలూ వచ్చాయా, మిగిలే ఖాళీలు అయిదే! ఆ అయిదూ మూసుకుపోతే పులులు కట్టుబడినట్టే.

అందుకే తెలిసినవాడు మొదటి మేకను అడుగుగీత మూలన పెడతాడు. దానిమీదుగా ఏ పులీ దూకలేదు.