ఉప్పు జాడ పట్టని కాంతి

కూచిపూడి చుట్టుపక్కల మాగాణి మట్టిని ఆరబెట్టి యంత్రం ముందు పెడితే ఒకటిన్నర నిమిషంలో భూసారం తేలిపోతుందంటే ఏ రైతుకైనా ఆశ పుడుతుంది. 2021లో కాన్పూర్ ఐఐటీ తెచ్చిన ‘భూ పరీక్షక్’ ఇలాంటిదే. ఐదు గ్రాముల పొడిమట్టి చాలు, రసాయనాలతో పనిలేదు. ఇది మన కృష్ణా డెల్టాకు రావలసిందే. కాకపోతే డెల్టా మట్టిని మన ల్యాబుల దగ్గర నేర్చుకున్నాకే రావాలి.

ఎరుపు దాటాక, 2,500 నానోమీటర్ల దాకా ఉండే సమీప పరారుణ కాంతిని మట్టి మీద వేస్తే కొంత ఇంకిపోతుంది, కొంత తిరిగొస్తుంది. 1,400, 1,900 దగ్గర నీరు, 2,200 దగ్గర బంకమట్టి దాన్ని బాగా పీల్చుకుంటాయి. సేంద్రియ కర్బనానికీ సొంత గుర్తులున్నాయి. తిరిగొచ్చిన కాంతిని, అదే మట్టికి ల్యాబులో తేలిన అంకెలతో జతచేసి లెక్క కడతారు. దలాల్, హెన్రీ అనే శాస్త్రవేత్తలు 1986లోనే తేమ, కర్బనం, మొత్తం నత్రజని ఇలా ఒకేసారి అంచనా కట్టారు. మొక్కకు అందే భాస్వరం, జింకు సంగతి వేరు. వాటికి సొంత గుర్తు లేదు. బంకమట్టితోనో కర్బనంతోనో వాటికున్న పొత్తును బట్టి యంత్రం ఊహిస్తుంది. నిన్న డీఏపీ చల్లిన చేలో భాస్వరం పెరుగుతుంది, బంకమట్టి పెరగదు. ఇక దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు రైతును వేధించేది ఉప్పు. సోడియం క్లోరైడ్ ఈ కాంతికి నేరుగా చిక్కదు. మట్టిని నీళ్లలో కలిపి విద్యుత్ వాహకత చూసే చిన్న మీటరే అక్కడ నయం.

అలాంటప్పుడు ఈ యంత్రం దేనికని అడగవచ్చు. 2015లో మొదలైన భూసార కార్డుల పథకంలో సాగునీటి భూముల్లో రెండున్నర హెక్టార్లకు ఒక్క నమూనాయే తీశారు. అంటే ఆరెకరాలకు పైమాటే; డెల్టాలో అందులో ఇద్దరు ముగ్గురు రైతుల చేలు కలిసిపోతాయి. ప్రతి చేనుకూ విడిగా కర్బనం చూడాలంటే డైక్రోమేట్, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఎన్ని పరీక్షలని చేస్తారు? అంచనా తప్పితే ఎరువు మోతాదు తప్పుతుందన్న భయం నిజమే. అయితే కర్బనం అర శాతం లోపుంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ, నడుమ మధ్యస్థం అనే కదా సిఫార్సు. కొద్దిపాటి తేడా ఆ గీతల దగ్గరే చిక్కు తెస్తుంది. ఆ నమూనాలను మాత్రం ల్యాబుకు పంపితే సరి. వరి కోతకు ముందే మినుము చల్లేసే ఈ నేలల్లో, మినుము తీశాక ఎండాకాలమే నమూనాలకు అనువు. తడి ఎక్కువైతే నీటి గుర్తులే మిగతావాటిని కప్పేస్తాయి. యంత్రం అమ్మవచ్చినవాణ్ని ధర కన్నా ముందు అడగాల్సింది, దాని లెక్క ఏ ఊళ్ల మట్టితో కట్టారని.