కొత్త కారు – తగిన బీమా

మన గ్రామములలో కారు కొనుట నేడు వింత కాదు. పంట సొమ్ము చేతికి వచ్చిన రైతు, మండల కేంద్రమునకు దినమును పోయి వచ్చు ఉపాధ్యాయుడు, విదేశమునందున్న కుమారుడు సొమ్ము పంపగా తల్లిదండ్రులు, ఇట్లు ఎందరో కొత్త కారును ముంగిటికి తెచ్చుకొనుచున్నారు. రంగు ఏది, మైలేజి ఎంత, నెలసరి వాయిదా ఎంత అని నెలల తరబడి విచారించినవారే బీమా కాగితము వచ్చునప్పటికి గుమాస్తా చూపిన చోట సంతకము చేసి, కొబ్బరికాయ కొట్టుటకు త్వరపడుదురు. ఆ కాగితమున ఏమున్నదో ప్రమాదము జరిగిన నాడు గాని తెలియదు. బీమా ఎన్నుకొనునప్పుడు కారులో కూర్చుండు మనుష్యులను, దారిలో ఎదురగు మనుష్యులను ముందుగా లెక్కింపవలెననియు, రేకును బంపరును తరువాత లెక్కింపవచ్చుననియు మా అభిప్రాయము.

చట్టము కోరునది

వాహనమునకు బీమా తప్పనిసరి యను నిబంధన 1939 నాటి మోటారు వాహనముల చట్టముననే కలదు. ఇప్పుడు అమలులోనున్న 1988 చట్టము 146వ సెక్షను కూడ దానినే చెప్పుచున్నది. అయితే చట్టము కోరునది ఇతరులకు కలుగు నష్టమునకు బీమా మాత్రమే. దీనినే అందరును ‘థర్డ్ పార్టీ’ అందురు. మన కారు తగిలి దారిన పోవు మనిషి మరణించినను, గాయపడినను ట్రిబ్యునలు నిర్ణయించిన పరిహారమును బీమా సంస్థ చెల్లించును. దానికి పరిమితి లేదు. గోడ కూలినను, గేదె చచ్చినను, అనగా ఆస్తి నష్టమునకు మాత్రము, ఏడున్నర లక్షల రూపాయలు హద్దు. ఈ హద్దును ఆరువేలకు కుదించుకొన్నచో ప్రీమియము స్వల్పముగ తగ్గును. ఎదుటివాని కారు తలుపు బాగుచేయుటకే ఆరువేలు చాలని ఈ దినములలో ఆ తగ్గింపునకు ఆశపడరాదు.

ఈ బీమా లేక కారు నడిపినచో 2019 సవరణ ప్రకారము మొదటిసారి 2,000 రూపాయలు, మరల పట్టుబడినచో 4,000 రూపాయలు జరిమానా; మూడు నెలల వరకు జైలుశిక్షయు పడవచ్చును. జరిమానా సంగతి అటుండనిండు. మరణించినవాడు సంసారము పోషించుచున్న యువకుడైనచో పరిహారము లక్షలలో నుండును. యజమాని చెల్లింపకున్నచో 174వ సెక్షను ననుసరించి ఆ మొత్తమును కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయి వలె వసూలు చేయవచ్చును. శిస్తు బకాయి వసూలు అనగా ఎట్టిదో రైతు సోదరులకు మేము వివరింపనక్కరలేదు.

థర్డ్ పార్టీ రేటు కేంద్ర ప్రభుత్వము నిర్ణయించునది. ఏ సంస్థ వద్దనైనను ఒక్కటే. 2022 జూన్ 1 నుండి అమలునకు వచ్చిన పట్టికలో 1000 సి.సి. మించని కొత్త సొంత కారుకు మూడేండ్లకు 6,521 రూపాయలు, 1500 సి.సి. వరకు 10,640 రూపాయలు, అంతకు మించినదానికి 24,596 రూపాయలు, పన్ను అదనము. కావున ‘మా వద్ద చౌక’ అని ఎవరైన అన్నచో ఆ చౌక థర్డ్ పార్టీలో లేదు. సొంత కారుకు సంబంధించిన భాగములో ధర తగ్గించియుందురు, లేదా ఏదో ఒక రక్షణనే తొలగించియుందురు. ఏది తగ్గినదో అడిగి తెలిసికొనవలెను.

మూడేండ్ల గడువు దేనికి?

కొత్త కారుకు మూడేండ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసికొనవలెనని సుప్రీంకోర్టు ఆదేశింపగా ఆ పద్ధతి 2018 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. ఇక్కడనే పలువురు మోసపోవుచున్నారు. పాలసీపై మూడేండ్ల తేదీ చూచి రక్షణ యంతయు మూడేండ్లున్నదని నమ్ముదురు. సొంత కారుకు కలుగు నష్టమునకు సంబంధించిన భాగము సాధారణముగ ఒక్క సంవత్సరమునకే యుండును. రెండవ ఏట దానిని తిరిగి కట్టని కారు దొంగల పాలైనను, గడ్డివాము అంటుకొని దానితో పాటు తగులబడినను, వరదలో మునిగినను యజమానికి ఏమియు రాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతమును ముంచినప్పుడు ఎన్నో కార్లు దినముల తరబడి నీటిలో నిలిచినవి. అట్టి సమయమున ఆదుకొనునది సొంత నష్టపు భాగమే.

వరద విషయమున మరియొక మాట. నీటిలో నిలిచిన కారును తాళము త్రిప్పి స్టార్టు చేసినచో నీరు సిలిండర్లలోనికి చేరును. గాలి వలె నీరు అణగదు గనుక లోపలి రాడ్డు వంగి ఇంజను పాడగును. ఇది వరద వలన గాక స్టార్టు చేయుట వలన కలిగిన నష్టమని చెప్పి సంస్థలు సొమ్ము నిరాకరించుట కలదు. దీనికై ‘ఇంజను ప్రొటెక్షను’ అను అదనపు రక్షణ విడిగా అమ్ముదురు. డెల్టా పల్లపు గ్రామములవారికి, గోదావరి లంకలవారికి ఇది కొనదగినదే. మెట్ట ప్రాంతములవారు మానుకొన్నను పెద్ద చిక్కు లేదు. ఏది కొన్నను, కొనకున్నను నీటిలోని కారును త్రోసియో లాగియో బయటికి తేవలెను గాని స్టార్టు చేయరాదు.

కారులోని మనుష్యులు

ఇది అన్నిటికంటె ముఖ్యమైన విషయము. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే యున్న సొంత కారులో ఉచితముగ ప్రయాణించు బంధుమిత్రులకు ఆ పాలసీ వర్తింపదని సుప్రీంకోర్టు 2006లో తీర్పు చెప్పినది. జనులు ‘ఫుల్ ఇన్సూరెన్సు’ అని పిలుచు సమగ్ర పాలసీ యున్నచో కారులోనివారి విషయమునను సంస్థకు బాధ్యత కలదని 2012లో మరియొక తీర్పున స్పష్టపరచినది. పెండ్లికి పోవుచున్న కారు రాత్రివేళ చెట్టును గుద్దుకొని అందులోని మేనమామ మరణించెననుకొందము. మొదటి రకపు పాలసీ యైనచో పరిహారము కారు యజమాని తన ఆస్తి నుండి ఈయవలసినదే. అయినవారు కోర్టుకు పోరని ధైర్యముగ నుండరాదు. ఇంటికి ఆధారమైన మనిషి పోయినప్పుడు ఆ భార్యాబిడ్డలు పోక మరేమి చేయుదురు?

ఇక యజమానియే నడుపుచు మరణించినచో? తన పాలసీకి తానే ‘ఇతరుడు’ కాజాలడు. అందులకే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి చేయబడినది. అంత మొత్తమునకు తగ్గని ప్రమాద బీమా వేరొక చోట ఉన్నవారికి మాత్రము మినహాయింపు కలదు. అయితే అది రిజిస్ట్రేషను ఎవరి పేర నున్నదో వారికే, వారికి చెల్లుబాటగు లైసెన్సు ఉన్నప్పుడే వర్తించును. మన ఊళ్ళలో కారు తండ్రి పేర నుండును, నడుపువాడు కొడుకు. తండ్రికి లైసెన్సే యుండదు. ఆ కొడుకు నడుపుచు ప్రాణము కోల్పోయినచో, యజమానికి ఉద్దేశింపబడిన ఆ 15 లక్షలు వానికి రావు. నడుపువాని పేరనే కారు కొనుట అన్నిటికంటె మేలు. అట్లు వీలుకానప్పుడు వానికి వేరుగ ప్రమాద బీమా చేయింపవలెను. ప్రయాణికులకు పేర్లు వ్రాయకయే ఒక్కొక్కరికి రెండు లక్షల వరకు ప్రమాద బీమా అదనముగ చేర్చుకొనవచ్చును. జీతపు డ్రైవరు ఉన్నచో ఆ సంగతి చెప్పి అతని విషయమున బాధ్యతను కూడ పాలసీలో వ్రాయించుకొనవలెను. దానికగు ఖర్చు స్వల్పము.

లైసెన్సు లేనివానికి తాళము ఇచ్చుట, సొంత కారును కిరాయికి త్రిప్పుట, ఈ రెండును బీమాను నీరుగార్చు పనులు. మొదటిదానిలో సంస్థ బాధితునికి పరిహారము చెల్లించి తరువాత యజమాని నుండి రాబట్టుకొనును. రెండవది మన గ్రామములలో మరీ సాధారణము. తిరుపతి యాత్రకో, పొరుగువారి పెండ్లికో ‘డీజిలు పోసి, పైన ఇంత ఇచ్చెదము’ అనగానే తెల్ల నంబరు పలక కారు బయలుదేరును. సొంత కారు పాలసీ కిరాయి ప్రయాణమునకు వర్తింపదు. కిరాయి ఉద్దేశ్యము ఉన్నవారు కొన్న నాడే టాక్సీగా రిజిస్టరు చేయించి ఆ తరగతి పాలసీ తీసికొనుట యుక్తము.

కారు విలువ, విడిభాగముల తరుగు

కారు దొంగిలింపబడినను, బాగుచేయు ఖర్చు దాని బీమా విలువలో 75 శాతము మించినను సంస్థ ఇచ్చునది పాలసీలో వ్రాసిన విలువ, అనగా ‘ఐ.డి.వి.’. ఇది కంపెనీ అమ్మకపు ధర నుండి వయస్సును బట్టి తరుగు తీసివేసి కట్టునది: ఆరు నెలల లోపు 5 శాతము, ఏడాది లోపు 15, రెండేండ్ల లోపు 20, మూడేండ్ల లోపు 30. ఎనిమిది లక్షల కారుకు తొలుత 7 లక్షల 60 వేలు వచ్చును. దీనిని ఆరు లక్షలని వ్రాసి ప్రీమియము తగ్గించి చూపినచో ఆ లక్షా అరువదివేలు పోవునది మన సొమ్మే.

మరమ్మతులలో ప్లాస్టికు, రబ్బరు భాగములకు, బ్యాటరీకి, టైర్లకు సగము ధరయే ఇత్తురు. అద్దములకు తరుగు లేదు. ఇప్పటి కార్ల ముందుభాగమంతయు ప్లాస్టికే గనుక 24,000 రూపాయల ప్లాస్టికు సామాను మార్చినచో 12,000 యజమానియే భరింపవలెను. పైగా 1500 సి.సి. వరకు కారుకు ప్రతి క్లెయిములోను మొదటి 1,000 రూపాయలు, అంతకు మించినదానికి 2,000 రూపాయలు యజమాని వంతు. ‘జీరో డెప్’ అనునది ఈ తరుగును తొలగించు అదనపు రక్షణ. తొలి మూడు నాలుగేండ్లు ఇది ఉంచుకొనదగినది. తాళము పోయినచో, సామాను పోయినచో అని అమ్ముజూపు చిన్న చిన్న కవర్లకు సొమ్ము వెచ్చింపనవసరము లేదు.

క్లెయిము లేని ఏడాదికి 20 శాతముతో మొదలై ఐదేండ్లకు 50 శాతము వరకు సొంత నష్టపు ప్రీమియములో తగ్గింపు లభించును. ఇది కారుకు గాక మనిషికి చెందినది. పాత కారు అమ్మి కొత్తది కొనువారు పాత సంస్థ నుండి పత్రము తీసికొని కొత్త పాలసీకి మార్చుకొనవచ్చును. షోరూమువారు దీనిని అడుగకుండ చెప్పుట అరుదు. గడువు ముగిసిన 90 దినముల లోపల తిరిగి కట్టనిచో ఆ హక్కు పోవును.

షోరూమువారు చూపిన సంస్థ పాలసీనే కొనవలెనను నిర్బంధము లేదు. క్లెయిము విషయమున అన్యాయము జరిగినదని తోచినచో ముందు ఆ సంస్థకే వ్రాతమూలకముగ ఫిర్యాదు చేయవలెను. ఒక నెలలో జవాబు రాకున్నను, వచ్చినది తృప్తికరముగ లేకున్నను హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికిని ఆ కార్యాలయమే. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. అర్జీతో పాలసీ నకలును, సంస్థకు వ్రాసిన ఉత్తరపు నకలును జతపరుపవలెను.